ప్రోగ్రామ్ తప్పు చేయదని రుజువు చేయగలమా? ఫార్మల్ వెరిఫికేషన్ కథా కమామీషు

మీరాస్ లెక్కలు చెప్పే యాప్ ఒకటి ఉందనుకుందాం. చనిపోయినవారు వదిలిన ఆస్తి ఎంత, వారసులు ఎవరెవరు అన్నది నింపితే చాలు, ఎవరి వాటా ఎంతో చూపిస్తుంది. తయారుచేసిన కుర్రాడు దాన్ని వందసార్లు పరీక్షించి చూశాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే వాటాలు సరిగ్గా వచ్చాయి. తల్లి, తండ్రి, కొడుకు ఉన్నప్పుడూ సరిగ్గానే వచ్చాయి. తెలిసిన మౌలానా గారికి చూపిస్తే ఆయన కూడా నాలుగు లెక్కలు వేసి చూసి బాగుందన్నారు.

కొన్నాళ్లకు ఒక కుటుంబం ఆ యాప్ తెరిచింది. చనిపోయినావిడకు భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు తప్ప వేరే వారసులు లేరు. ఆస్తి 42 లక్షలు. భర్తకు సగం కాబట్టి 21 లక్షలు అని చూపించింది. అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు కాబట్టి 28 లక్షలు అంది. రెండూ కలిపితే 49 లక్షలు. ఉన్న ఆస్తి కంటే 7 లక్షలు ఎక్కువ!

ఇలాంటి చిక్కు వస్తుందని ఫిఖ్ పండితులకు వందల ఏళ్లుగా తెలుసు. సున్నీ ఫిఖ్‌లో దీనికి ‘ఔల్’ అనే పద్ధతి ఉంది. అందరి వాటాలనూ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తారు. భర్తకు ఏడింట మూడు వంతులు, అంటే 18 లక్షలు. అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి ఏడింట నాలుగు వంతులు, అంటే 24 లక్షలు. యాప్ రాసిన కుర్రాడికి ఈ సంగతి తట్టలేదు. అతను వేసిన వంద పరీక్షల్లో ఈ లెక్క లేదు.

మరి వందకు బదులు వెయ్యి పరీక్షలు పెడితే సరిపోయేదా? ‘వారసులు ఎవరైనా సరే, వాటాల మొత్తం ఆస్తితో సమానంగానే ఉంటుంది’ అని ఒక్కసారిగా, శాశ్వతంగా తేల్చుకునే దారి ఉందా? ఉంది. దాని పేరే ఫార్మల్ వెరిఫికేషన్. ఒక ప్రోగ్రామ్ తనకు పెట్టిన షరతులను అన్ని సందర్భాల్లోనూ పాటిస్తుందని గణితంతో రుజువు చేయడం. రైళ్లు, విమానాలు, కంప్యూటర్ చిప్‌ల వెనుక ఈ పద్ధతి చాలాకాలంగా పనిచేస్తోంది. ఇప్పుడు ఏఐ వచ్చాక దీని గురించిన చర్చ మళ్లీ ఊపందుకుంది.

మెతుకు పట్టి చూస్తే సరిపోదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటారు. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఒక మెతుకు మెత్తగా ఉడికి, పక్కనే ఉన్నది రాయిలా మిగిలిపోవచ్చు.

1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్‌కు ఇంటెల్ పెంటియం చిప్‌లో ఇలాంటి రాయి ఒకటి తగిలింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్ 1.33374 అని చెప్పింది. భాగహారం కోసం చిప్‌లో దాచిన పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా ఉండిపోవడమే కారణం. మామూలు లెక్కల్లో ఆ గళ్ల అవసరం దాదాపు రాదు కాబట్టి తప్పు కంటపడలేదు. చివరికి ఇంటెల్ ఆ చిప్‌లను మార్చి ఇస్తామని ప్రకటించి, 47.5 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో రాసుకుంది.

అక్కడ పోయింది డబ్బే. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం విషయంలో ప్రాణాలు పోయాయి. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో కనీసం ఆరుగురు రోగులకు ఆ యంత్రం ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. అందులో బయటపడిన ఒక లోపం ఎలాంటిదంటే, ఆపరేటర్ వివరాలు దిద్దేటప్పుడు చాలా వేగంగా టైపు చేస్తేనే అది తలెత్తుతుంది. నిదానంగా పరీక్షించేవాళ్లకు అది ఎప్పటికీ కనిపించదు. పని అలవాటై చేయి తిరిగిన ఆపరేటర్ల దగ్గరే అది బయటపడింది.

‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ అనే సామెత సాఫ్ట్‌వేర్ తప్పులకు సరిగ్గా అతుకుతుంది. పరీక్షల్లో తప్పు దొరికితే ఉందని తెలుస్తుంది. దొరకలేదంటే లేదని అర్థం కాదు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతం నుంచీ ఈ మాటే నొక్కి చెబుతూ వచ్చాడు.

పోనీ అన్ని సందర్భాలనూ పరీక్షించేస్తే? ఒకే ఒక్క 64-బిట్ సంఖ్యకు ఉండగల విలువలు సుమారు 1.84 లక్షల కోట్ల కోట్లు. సెకనుకు వంద కోట్ల చొప్పున పరీక్షించినా పూర్తికావడానికి 584 ఏళ్లు పడుతుంది. రెండు సంఖ్యలున్న ప్రోగ్రామ్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

రుజువు ఎలా చేస్తారు?

త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని స్కూల్లో అందరూ చదువుకున్నారు. ఆ మాట తేల్చడానికి ప్రపంచంలోని త్రిభుజాలన్నిటినీ ఎవరూ కొలవలేదు. ‘ఏదో ఒక త్రిభుజం’ తీసుకుని మెట్టుమెట్టుగా తర్కించారు. ఏ త్రిభుజమైనా ఒకటే కాబట్టి ఫలితం అన్నిటికీ వర్తిస్తుంది. ప్రోగ్రామ్‌కూ అదే పద్ధతి.

మొదట ప్రోగ్రామ్ ఏం చేయాలో గణిత భాషలో రాసుకోవాలి. దీన్ని స్పెసిఫికేషన్ అంటారు. ఒప్పంద పత్రంలో షరతులు రాసుకోవడం లాంటిదే ఇది. మీరాస్ యాప్‌కైతే ‘ఏ వాటా సున్నా కంటే తక్కువ ఉండకూడదు’, ‘వాటాల మొత్తం ఆస్తితో సరిగ్గా సమానం కావాలి’ అనేవి రెండు షరతులు. తర్వాత యాప్ కోడ్‌ను, ఈ షరతులను కలిపి తనిఖీ సాధనానికి ఇస్తారు. వారసుల జాబితాలో ఫలానా వ్యక్తి అని లేకుండా, ఎవరైనా ఉండవచ్చునని పెట్టి ఆ సాధనం తర్కం నడుపుతుంది. షరతు తప్పే దారి ఒక్కటున్నా దాన్ని ఉదాహరణతో సహా బయటపెడుతుంది. పైన చెప్పిన కోడ్‌ను ఇస్తే ‘భర్త, ఇద్దరు అక్కచెల్లెళ్లు, మొత్తం ఆరింట ఏడు’ అని చూపించి ఆగిపోతుంది.

కుర్రాడు ఔల్ పద్ధతి కలిపి మళ్లీ ఇస్తాడు. ఈసారి ఇంకో ఉదాహరణ వస్తుంది. ‘తల్లి, ఒక కూతురు.’ తల్లికి ఆరో వంతు, కూతురికి సగం. మొత్తం ఆరింట నాలుగే. మిగతా రెండు వంతులు ఎవరికీ చెందకుండా ఉండిపోయాయి. మిగిలిన దాన్ని తిరిగి వాళ్లకే పంచే ‘రద్ద్’ పద్ధతి కోడ్‌లో లేదన్నమాట. అదీ దిద్దాక, చివరికి ఏ ఉదాహరణా మిగలనప్పుడు సాధనం రుజువు పూర్తయిందని చెబుతుంది. ఇక లక్ష కుటుంబాలు వాడినా ఆ రెండు షరతుల విషయంలో యాప్ తప్పదు.

‘ఆ రెండు షరతుల విషయంలో’ అన్న ముక్కను గుర్తుపెట్టుకోవాలి. ఈ పద్ధతి బలమూ, హద్దూ రెండూ అందులోనే ఉన్నాయి.

బాగ్దాద్ నుంచి కేంబ్రిడ్జ్ దాకా

మీరాస్ లెక్కలకూ ఈ శాస్త్రానికీ సంబంధం పాతదే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో పనిచేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలకే కేటాయించారు. ఆ పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. లాటిన్‌లో మారిన ఆయన పేరు నుంచి అల్గారిథం అనే మాట వచ్చింది.

ఆయన లెక్క చేసే పద్ధతి చెప్పి ఊరుకోలేదు. ఆ పద్ధతి ఎందుకు సరైనదో కూడా చూపించాడు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఎంత అన్నది ఆయన ప్రసిద్ధ ఉదాహరణ. ఒక చతురస్రం గీసి, దాని రెండు పక్కలా 5 వెడల్పున్న దీర్ఘచతురస్రాలు అతికిస్తే వైశాల్యం 39. మూలన ఖాళీగా మిగిలిన 25 కలిపితే 64 వైశాల్యమున్న పెద్ద చతురస్రం వస్తుంది. దాని భుజం 8. అందులోంచి 5 తీసేస్తే 3. బొమ్మ చూసినవాడు జవాబును గుడ్డిగా నమ్మనక్కర్లేదు, తానే తేల్చుకోవచ్చు. లెక్కతోపాటు దాని రుజువు కూడా ఇవ్వాలన్న పట్టుదల అది.

కంప్యూటర్లు వచ్చిన తొలినాళ్లలోనే ఈ ఆలోచన మళ్లీ తలెత్తింది. 1949లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన సమావేశంలో అలన్ ట్యూరింగ్ ఒక పెద్ద ప్రోగ్రామ్ సరైనదని మెట్టుమెట్టుగా ఎలా తనిఖీ చేయాలో వివరించాడు. 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ దానికి స్పష్టమైన తర్క నియమాలు ఏర్పరచారు. ‘ముందు ఇది నిజమైతే, ఈ కోడ్ నడిచాక అది నిజమవుతుంది’ అనే రూపంలో ఒక్కో ముక్కనూ రుజువు చేస్తూ పోవడం వాళ్లు చూపిన దారి.

అయితే ట్యూరింగే 1936లో ఒక హద్దు కూడా చూపించాడు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో తేల్చిచెప్పే ఒకే ఒక్క యంత్రం అసాధ్యమని ఆయన రుజువు చేశాడు. అంటే ప్రపంచంలోని ప్రోగ్రామ్‌లన్నిటినీ వడపోసే మంత్రదండం లేదు. ఫలానా ప్రోగ్రామ్ గురించి ఫలానా మాట రుజువు చేయడం మాత్రం చాలాసార్లు సాధ్యమే.

మూడు దారులు

ఈ రంగంలో ప్రధానంగా మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది రుజువు సహాయకులు. ఇసబెల్, లీన్, రాక్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ కోవకు చెందినవి. రాక్‌ను ఇంతకుముందు కాక్ అనేవారు. రుజువును మనిషి రాస్తాడు. ప్రతి మెట్టునూ యంత్రం తనిఖీ చేస్తుంది. ‘ఇది తేలికే కదా’ అని దాటవేస్తే ఒప్పుకోదు. కష్టమైన పని, కానీ అన్నిటికన్నా లోతైన హామీ ఇస్తుంది.

రెండోది మోడల్ చెకింగ్. ఒక వ్యవస్థ ఉండగల స్థితులన్నిటినీ యంత్రమే తిరిగి చూసి, ప్రమాదకరమైన స్థితికి దారి ఉందేమో వెతుకుతుంది. ఈ పద్ధతికి పునాది వేసిన ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, జోసెఫ్ సిఫాకిస్‌లకు 2007 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. కంప్యూటర్ రంగంలో దాన్ని నోబెల్‌తో సమానంగా చూస్తారు. చిప్‌ల తయారీలో ఈ పద్ధతి బాగా స్థిరపడింది.

మూడోది అబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రిటేషన్. ఖచ్చితమైన విలువలకు బదులు ‘ఈ సంఖ్య 0కీ 100కీ మధ్య ఉంటుంది’ లాంటి హద్దులతో ప్రోగ్రామ్ మొత్తాన్ని విశ్లేషించే పద్ధతి ఇది. 1977లో దీన్ని ప్రపంచం ముందు పెట్టినవారు పాట్రిక్ కూసో, రధియా కూసో దంపతులు. రధియా ట్యునీషియాలోని సకియెత్ సీదీ యూసుఫ్‌లో పుట్టారు. 1958 ఫిబ్రవరిలో ఆ ఊరి మీద ఫ్రెంచి వైమానిక దళం బాంబులు వేసినప్పుడు స్కూలు పిల్లగా బతికి బయటపడ్డారు. అల్జీర్స్‌లో ఇంజనీరింగ్ చదివి, ఫ్రాన్స్‌లో పరిశోధకురాలయ్యారు. 2014లో కన్నుమూశారు. ఆ దంపతుల సిద్ధాంతం మీద తయారైన ఆస్త్రే అనే సాధనం 2003లో ఎయిర్‌బస్ ఏ340 విమానాన్ని నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించింది. సి భాషలో లక్షా ముప్పై వేలకు పైగా లైన్లున్న ఆ కోడ్‌లో సున్నాతో భాగించడం, హద్దులు దాటడం లాంటి తప్పులు జరగనే జరగవని రుజువు చేసింది.

ఎక్కడెక్కడ వాడుతున్నారు?

పారిస్‌లో 1998 అక్టోబర్‌లో మెట్రో 14వ లైన్ మొదలైంది. డ్రైవర్ లేని రైళ్లు అవి. తలుపులు ఎప్పుడు తెరవాలి, రైలు ఎక్కడ ఆగాలి, ఎంత వేగం మించకూడదు అన్నవన్నీ సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటాయి. జ్యాఁ రేమాఁ అబ్రియాల్ రూపొందించిన ‘బి మెథడ్’ అనే పద్ధతిలో ఆ భద్రతా సాఫ్ట్‌వేర్‌ను షరతుల నుంచి మెట్టుమెట్టుగా రుజువు చేస్తూ రాశారు. సుమారు 86,000 లైన్ల కోడ్ తయారైంది. రుజువు పూర్తయ్యాక జరిపిన తనిఖీల్లో ఆ భాగంలో తప్పులు బయటపడలేదు.

2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు రుజువు పూర్తిచేశారు. కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే గుండెకాయ లాంటి భాగం కెర్నల్. తర్వాత అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా దాన్ని బోయింగ్ వారి మనిషి లేని హెలికాప్టర్‌లో వాడి చూసింది. కంప్యూటర్‌లో ఒక భాగాన్ని హ్యాకర్ల చేతికి ఇచ్చినా, వాళ్లు అక్కడి నుంచి హెలికాప్టర్‌ను నడిపే భాగంలోకి చొరబడలేకపోయారు.

ఫ్రాన్స్‌లో జేవియర్ లెరోయ్ బృందం కాంప్‌సెర్ట్ అనే కంపైలర్‌ను రుజువుతో సహా తయారుచేసింది. మనిషి రాసిన కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చేదే కంపైలర్. 2011లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రసిద్ధ కంపైలర్లను యాదృచ్ఛిక ప్రోగ్రామ్‌లతో జల్లెడ పట్టి, 325కు పైగా లోపాలు బయటపెట్టారు. ఒక్క కంపైలర్ కూడా మచ్చలేకుండా నిలవలేదు. కాంప్‌సెర్ట్‌లో దొరికిన కొద్ది లోపాలూ రుజువు చేయని భాగంలో ఉన్నవే. రుజువు చేసిన భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

అమెజాన్ 2011 నుంచి తన క్లౌడ్ సేవల రూపకల్పనను లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్ఏ ప్లస్ భాషలో రాసి తనిఖీ చేస్తోంది. డైనమోడీబీ అనే డేటాబేస్‌లో వరుసగా 35 ఘటనలు ఒక ప్రత్యేక క్రమంలో జరిగితేనే డేటా పోయే లోపం ఒకటి అలా ముందే దొరికింది. ఏ మనిషికీ అంత పొడుగు వరుస ఊహకు అందదు. పెంటియం దెబ్బ తిన్న ఇంటెల్ కూడా ఆ తర్వాత భాగహార యూనిట్లను గణితంతో రుజువు చేయడం మొదలుపెట్టింది.

మరి అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఎందుకు చేయరు? ఖర్చు కారణం. ఎస్ఈఎల్4లో ఉన్నది సుమారు 8,700 లైన్ల సి కోడ్. దాని రుజువు సుమారు రెండు లక్షల లైన్లు. ఒక్క మనిషే చేస్తే దాదాపు ఇరవై ఏళ్లు పట్టేంత శ్రమ. పాటలు వినిపించే యాప్‌కు ఎవరూ అంత పెట్టరు. ప్రాణాలతో, పెద్ద డబ్బుతో ముడిపడిన చోట పెడతారు.

రుజువు చేసినా తప్పు ఎలా దూరుతుంది?

రుజువు అబద్ధం చెప్పదు. కానీ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అడగనిది అడగనట్టే ఉండిపోతుంది.

ఇళ్లలో వాడే వైఫైకి రక్షణ ఇచ్చే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ఫోన్, రూటర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తతంగం సురక్షితమని గణిత రుజువు ఉంది. అయినా 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ దాన్ని ఛేదించే దారి కనిపెట్టాడు. పాత సందేశాన్ని మళ్లీ పంపి, వాడేసిన తాళంచెవినే ఫోన్ మరోసారి బిగించుకునేలా చేశాడు. ప్రపంచమంతా ఫోన్లు, లాప్‌టాప్‌లకు అప్‌డేట్లు పంపాల్సివచ్చింది. విచిత్రమేమిటంటే పాత రుజువు ఇప్పటికీ తప్పు కాదు. తాళంచెవి బయటి వాళ్లకు తెలియదని అది రుజువు చేసింది, నిజంగానే తెలియలేదు. అదే చెవిని రెండోసారి బిగిస్తే ఏమవుతుందన్నది మాత్రం రుజువు చేసినవాళ్ల లెక్కలోకి రాలేదు.

ఇంకో ఉదాహరణ. నిఘంటువులో పదం వెతికేటప్పుడు మధ్యకు తెరిచి, ముందుకో వెనక్కో సగం సగం జరుగుతాం కదా. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. జాన్ బెంట్లీ అనే నిపుణుడు తన ప్రసిద్ధ పుస్తకంలో దానికి రుజువు కూడా ఇచ్చాడు. 2006లో జాషువా బ్లాక్ అందులో ఒక లోపం ఉందని ప్రకటించాడు. జావా భాష కోసం తానే రాసిన ప్రోగ్రామ్‌లోనూ అదే లోపం తొమ్మిదేళ్లపాటు దాగి ఉందని చెప్పాడు. మధ్య స్థానం కోసం రెండు స్థానాలను కూడి రెండుతో భాగిస్తారు. జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడిక 214 కోట్లు దాటి, కంప్యూటర్ దాచగల హద్దు మించి, రుణ సంఖ్యగా మారిపోతుంది. గణితంలో సంఖ్యలకు హద్దు లేదు, కంప్యూటర్‌లో ఉంది. రుజువు గణితంలోని సంఖ్యల గురించి సాగింది.

అలాంటి హద్దే 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్‌ను కూల్చింది. ఏరియాన్ 4 రాకెట్‌లో చక్కగా పనిచేసిన కోడ్‌నే అందులో పెట్టారు. అడ్డంగా సాగే వేగాన్ని సూచించే సంఖ్య ఫలానా హద్దు దాటదని పాత రాకెట్ విషయంలో లెక్కగట్టి, అక్కడ రక్షణ పెట్టలేదు. కొత్త రాకెట్ ఇంకా వేగంగా వెళ్లింది. సంఖ్య 32,767 అనే హద్దు దాటింది. ఎగిరిన 40 సెకన్లలోపే రాకెట్ అదుపు తప్పి పేలిపోయింది. పాత లెక్క పాత రాకెట్‌కు నిజమే. రాకెట్ మారింది కానీ, లెక్క వెనుక ఉన్న ఊహను ఎవరూ మళ్లీ చూడలేదు.

మీరాస్ యాప్ విషయానికే వస్తే, వాటాల మొత్తం ఆస్తితో సమానమని రుజువైంది. కానీ జాఫరీ ఫిఖ్ ఔల్ పద్ధతిని ఒప్పుకోదు. దాని ప్రకారం పై ఉదాహరణలో భర్తకు 21 లక్షలు పూర్తిగా చెందుతాయి, తగ్గింపు అక్కచెల్లెళ్ల వాటా మీద పడుతుంది. అప్పుడూ మొత్తం 42 లక్షలే! రెండు లెక్కలూ ఆ షరతును పాటిస్తాయి. ఏ కుటుంబానికి ఏ నియమం వర్తిస్తుందో గణితం చెప్పదు. అది తెలిసినవాళ్లు కూర్చుని ముందే రాయాల్సిన సంగతి.

ఏఐకి రుజువు సాధ్యమా?

మామూలు ప్రోగ్రామ్‌లో నియమాలు మనిషి రాస్తాడు. ‘పిల్లలు లేకపోతే భర్తకు సగం’ అన్న లైన్‌ను వేలుపెట్టి చూపించవచ్చు. న్యూరల్ నెట్‌వర్క్‌లో అలాంటి లైన్లు ఉండవు. లక్షల ఉదాహరణలు చూసి నేర్చుకున్న సంఖ్యలు ఉంటాయి. 2020లో వచ్చిన జీపీటీ-3లో అలాంటి సంఖ్యలు 17,500 కోట్లు.

చిన్న నెట్‌వర్క్‌ల విషయంలో రుజువు సాధ్యమైంది. డ్రోన్లు ఇతర విమానాలను ఢీకొనకుండా దారి చెప్పే ఏకాస్ ఎక్స్‌యూ అనే వ్యవస్థ కోసం 45 చిన్న నెట్‌వర్క్‌లను తయారుచేశారు. ఒక్కోదానిలో 300 కృత్రిమ న్యూరాన్లు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రీలూప్లెక్స్ అనే పద్ధతితో వాటిని పరీక్షించారు. ఎదుటి విమానం ఫలానా దూరంలో, ఫలానా దిశలో ఉంటే నెట్‌వర్క్ ఫలానా సలహా ఇచ్చి తీరుతుందా అన్నది ప్రశ్న. చాలా షరతులకు రుజువు దొరికింది. ఒక షరతు తప్పే సందర్భం కూడా బయటపడింది. అయితే నెట్‌వర్క్ పెరిగేకొద్దీ ఈ పని విపరీతంగా కష్టమవుతుందని కూడా వాళ్లే చూపించారు. 300 న్యూరాన్లకూ 17,500 కోట్ల సంఖ్యలకూ మధ్య దూరం తక్కువేమీ కాదు.

సైజు ఒక్కటే సమస్య కాదు, అంతకంటే పెద్ద చిక్కు షరతు రాయడంలో ఉంది. గూగుల్ పరిశోధకులు 2014లో ఒక పాండా ఫొటోలో కంటికి కనిపించనంత చిన్న మార్పులు చేస్తే, కంప్యూటర్ దాన్ని 99 శాతం నమ్మకంతో గిబ్బన్ కోతి అంది. ‘ఈ ఫొటోను కొద్దిగా మార్చినా జవాబు మారదు’ అని ఒక ఫొటోకు రుజువు చేయవచ్చు. ‘పాండా కనిపిస్తే పాండా అనే చెబుతుంది’ అని రుజువు చేయాలంటే పాండా అంటే ఏమిటో సూత్రంలో రాయాలి. అది ఎవరికీ రాదు. అది రాదు కాబట్టే నేర్చుకునే యంత్రాలు పుట్టాయి. అలాగే ‘రోగికి హాని చేయని సలహా’, ‘ఎవరికీ అన్యాయం చేయని నిర్ణయం’ అన్నవి నోటితో చెప్పడం తేలిక, గణితంలో రాయడం కష్టం.

అందుకే కొందరు శాస్త్రవేత్తలు వేరే దారి సూచిస్తున్నారు. యోషువా బెంజియో, స్టువర్ట్ రస్సెల్ వంటివారు 2024లో రాసిన పత్రంలో హామీతో కూడిన ఏఐ కోసం మూడు భాగాలు ఉండాలన్నారు. ప్రపంచం ఎలా నడుస్తుందో చెప్పే నమూనా, ఏం జరగకూడదో చెప్పే షరతులు, ఏఐ చేసే పని ఆ షరతులను దాటదని తేల్చే తనిఖీ. ఏఐ మెదడు లోపల ఏముందో తేల్చే బదులు, బయటికి వచ్చే పనిని గేటు దగ్గర ఆపి తనిఖీ చేయడం అన్నమాట. ఇందులో ప్రపంచపు నమూనా సరైనదని ఎవరు హామీ ఇస్తారన్నది విమర్శకుల ప్రశ్న. ఏరియాన్ రాకెట్ కథ ఆ ప్రశ్నకు బలం ఇస్తుంది.

మరో వైపు ఏఐ రుజువులు రాయడంలో సాయపడుతోంది. 2024 జులైలో గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాప్రూఫ్, ఆల్ఫాజామెట్రీ 2 కలిసి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోని ఆరు లెక్కల్లో నాలుగు సాధించాయి. 42కు 28 మార్కులు, అంటే వెండి పతకం స్థాయి. ఆల్ఫాప్రూఫ్ తన రుజువులను లీన్ భాషలో రాసింది. అందువల్ల ఏఐని నమ్మాల్సిన అవసరం రాలేదు. రాసింది ఎవరైనా, లీన్‌లోని చిన్న తనిఖీ యంత్రం ప్రతి మెట్టునూ చూస్తుంది. మెట్టు తప్పితే ఒప్పుకోదు. ఏఐ కోడ్‌తోపాటు దాని రుజువూ రాస్తే, ఇరవై ఏళ్ల శ్రమ బాగా తగ్గవచ్చన్న ఆశ ఇక్కడి నుంచే వచ్చింది. అప్పుడు మనిషికి మిగిలే పని షరతులు రాయడం. అసలు కష్టమైనదీ అదే.

‘రుజువైంది’ అని ఎవరైనా అంటే

రాబోయే రోజుల్లో వైద్యం, బ్యాంకు అప్పులు, బండ్లు నడపడం లాంటి వాటిలో ‘మా ఏఐ సురక్షితమని రుజువైంది’ అన్న మాట తరచుగా వినిపించవచ్చు. ఆ మాట వినగానే కొట్టిపారేయనక్కర్లేదు, నమ్మేయనూ అక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడిగితే చాలు.

ఒకటి, ఏ షరతు రుజువైంది? ‘సురక్షితం’ అన్నది షరతు కాదు. ‘తలుపులు తెరిచి ఉండగా రైలు కదలదు’ అన్నది షరతు.

రెండు, ఏమేం నిజమని ముందే అనుకున్నారు? చిప్ సరిగ్గా పనిచేస్తుందని, సమాచారం సరైనదే వస్తుందని, వాడేవాళ్లు ఇలాగే వాడతారని ఏదో ఒకటి అనుకోకుండా ఏ రుజువూ ఉండదు. ఎస్ఈఎల్4 తయారుచేసినవాళ్లు తమ రుజువు వేటి మీద ఆధారపడిందో జాబితా రాసి అందరి ముందూ పెట్టారు. అలా పెట్టడమే మంచి గుర్తు.

మూడు, రుజువును ఎవరు తనిఖీ చేశారు? కంపెనీ మాటా, స్వతంత్రంగా ఎవరైనా యంత్రంతో మళ్లీ తనిఖీ చేసుకోగల రుజువా?

ఈ రంగం వైపు వెళ్లాలనుకునే పిల్లలకు దారి తెరిచే ఉంది. లీన్, రాక్, ఇసబెల్, టీఎల్ఏ ప్లస్ అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఇంజనీరింగ్‌లో చాలామంది తేలిగ్గా తీసుకునే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, లాజిక్ పాఠాలే దీనికి పునాది. హైదరాబాద్‌లోని చిప్ డిజైన్ కంపెనీల్లో వెరిఫికేషన్ పెద్ద పని, అందులో ఫార్మల్ పద్ధతులు తెలిసినవాళ్లకు ప్రత్యేక స్థానం ఉంది.

ఇక మీరాస్ యాప్ రాసిన కుర్రాడు ఇప్పుడు ఏం చేయాలి? మొదట ఆలిమ్‌ల దగ్గర కూర్చుని, ఏ ఫిఖ్ ప్రకారం, ఏ వారసులకు, ఏ నియమమో ఒక్కొక్కటిగా రాయించుకోవాలి. ఆ కాగితం మీద అందరూ సరేనన్నాకే కోడ్ జోలికి వెళ్లాలి. ఆ కాగితానికి కోడ్ కట్టుబడి ఉందని యంత్రం తేల్చి చెబుతుంది. కాగితం మీద ఏం ఉండాలో మాత్రం మనుషులే తేల్చుకోవాలి.